పీడీక్యూ-39 సమీక్ష: పార్కిన్సన్స్ ఉన్న మనిషి బతుకు ఎలా ఉందో ఈ ఫారం ఎంతవరకు చెబుతుంది?

పీడీక్యూ-39 అనేది పార్కిన్సన్స్ (వణుకు, బిగుసుకుపోవడం, కదలికలు నెమ్మదించడం తెచ్చే మెదడు జబ్బు) ఉన్నవాళ్లు తమంతట తాము నింపాల్సిన 39 ప్రశ్నల ఫారం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని 1995లో ప్రచురించారు. ముందు 20 మంది పేషెంట్లను కూర్చోబెట్టి వాళ్ల ఇబ్బందులు విన్నారు. అందులోంచి 65 ప్రశ్నలు తయారుచేసి, 359 మందికి ఇచ్చి చూసి, పనికిరానివి తీసేసి 39 దగ్గర ఆగారు. ముప్పై ఏళ్లయింది. పార్కిన్సన్స్‌లో జీవన నాణ్యత కొలవాలంటే ఇప్పటికీ ఎక్కువమంది చెయ్యి వేసేది దీనిమీదే.

మా మాట ముందే చెప్పేస్తాం. ఫారం మంచిది, దాన్ని వాడే తీరు బాగాలేదు. ఇది ఎనిమిది అంకెలు ఇస్తుంది. వాటిని కలిపి ఒక్క అంకె చేసే సౌకర్యం కూడా పెట్టారు. రిపోర్టుల్లో, సెమినార్లలో కనిపించేది ఆ ఒక్క అంకే. పేషెంట్ చెప్పిన అసలు సంగతి అక్కడే మాయమైపోతుంది. ఎలాగో లెక్కతో సహా కింద ఉంది. క్లినిక్‌లో పేషెంట్ల చేత దీన్ని నింపించే ఫిజియోథెరపిస్టులు, నర్సులు, న్యూరాలజీ పీజీలు, థీసిస్ రాసేవాళ్ల కోసం ఇది. ఫారం చేతికొచ్చిన కుటుంబ సభ్యులకూ పనికొస్తుంది.

ఫారంలో ఏముంది

ప్రతి ప్రశ్నా ఒకే తీరులో ఉంటుంది: పార్కిన్సన్స్ వల్ల, గత నెల రోజుల్లో, ఈ ఇబ్బంది ఎంత తరచుగా వచ్చింది? జవాబులు ఐదు. ఎప్పుడూ రాలేదంటే 0, అరుదుగా అంటే 1, కొన్నిసార్లు అంటే 2, తరచూ అంటే 3, ఎప్పుడూ ఉంటుంది లేదా ఆ పని అసలు చేయలేను అంటే 4.

39 ప్రశ్నలు ఎనిమిది విభాగాల్లో పంచి ఉన్నాయి. మొదటి పది నడక, కదలిక గురించి. సుమారు ఎనిమిది వందల మీటర్లు నడవగలరా, తొంభై మీటర్లయినా నడవగలరా, బజారు సంచులు మోయగలరా, నలుగురిలో పడిపోతానేమో అన్న భయం ఉందా, ఇంట్లోనే ఉండిపోవాల్సి వస్తోందా వంటివి. తర్వాతి ఆరు రోజువారీ పనులు: స్నానం, బట్టలు, గుండీలు, చేతిరాత, తిండి, గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం. 17 నుంచి 22 వరకు ఆరు ప్రశ్నలు మనసు గురించి. 23 నుంచి 26 వరకు నాలుగు నామోషీ గురించి: జబ్బు దాచుకోవాలనిపించిందా, నలుగురిలో తినడం తాగడం మానుకున్నారా, సిగ్గనిపించిందా, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని బెంగపడ్డారా. తర్వాత అయినవాళ్ల అండ మీద మూడు, జ్ఞాపకం ఏకాగ్రతల మీద నాలుగు, మాట మీద మూడు. చివరి మూడూ ఒంటి బాధలు: కండరాలు పట్టేయడం, కీళ్ల నొప్పులు, ఒంటికి ఇబ్బందిగా తోచే వేడి లేదా చలి.

సొంతంగా నింపేవాళ్లకు పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. చదివి వినిపించాల్సి వస్తే అరగంట పెట్టుకోండి. చేతిరాత చిన్నదైపోయే జబ్బు కాబట్టి టిక్కులతోనే పని జరిగేలా చేశారు. తెలివైన పని.

నామోషీ విభాగం ఈ ఫారానికి ప్రాణం. జబ్బు తీవ్రతకు డాక్టర్లు వేసే యూపీడీఆర్‌ఎస్ స్కోరులో వణుకుకు అంకె ఉంది. ఆ వణుకు వల్ల పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చోకుండా కడుపు బాగాలేదని సాకు చెప్పి తప్పించుకునే మనిషికి అంకె లేదు. చేత్తో కలుపుకుని తినే మనవాళ్లకు ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ముద్ద నోటిదాకా వెళ్లేలోపు సగం ఆకులో పడుతుంటే పక్కవాడి చూపు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? 24వ ప్రశ్న సూటిగా ఆ చోటే పట్టుకుంటుంది.

స్కోరు వేయడం

సూత్రం చిన్నదే. విభాగంలో వచ్చిన అంకెలు కూడి, ఆ విభాగానికి రాగల గరిష్ఠంతో భాగించి, వందతో గుణించాలి. గరిష్ఠం అంటే ప్రశ్నల సంఖ్య ఇంటూ 4. నడకకు 40, రోజువారీ పనులకు 24, నామోషీకి 16, మూడేసి ప్రశ్నలున్న విభాగాలకు 12. 0 అంటే ఇబ్బంది లేదు, 100 అంటే అంతకు మించిన ఇబ్బంది లేదు.

ఇక్కడే మొదటి పొరపాటు దొర్లుతుంది. ఇందులో అంకె పెరిగితే పరిస్థితి చెడిందని అర్థం. ఏ జబ్బుకైనా వాడే ఆరోగ్య ఫారాలైన ఎస్‌ఎఫ్-36లో, ఈక్యూ-5డీతో వచ్చే 0-100 గీతలో పెరిగితే బాగుపడినట్టు. రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన వేసి, రెంటికీ పైకి చూపే బాణం గుర్తు పెట్టే థీసిస్‌లకు కొదవ లేదు. పట్టిక కింద ఏ దిక్కు ఏమిటో ఒక వాక్యం రాసేస్తే గొడవ ఉండదు.

మొత్తం స్కోరు, అంటే సమ్మరీ ఇండెక్స్, ఎనిమిది విభాగాల సగటు. 39 అంకెలూ కూడి 156తో భాగించడం కాదు. చాలామంది అలాగే చేస్తారు, ఎక్సెల్‌లో సులువు కదా అని. రెంటికీ తేడా ఏమిటో ఒక ఊహాజనిత పేషెంట్ లెక్కతో చూడండి.

నడక మొత్తం 14 వచ్చిందనుకోండి, అంటే 35.0. రోజువారీ పనులు 9, అంటే 37.5. మనసు 6, అంటే 25.0. నామోషీ 8, అంటే 50.0. అండ 2, అంటే 16.7. జ్ఞాపకం 4, అంటే 25.0. మాట 3, అంటే 25.0. ఒంటి బాధలు 5, అంటే 41.7. ఎనిమిదింటి సగటు 32.0. తప్పు పద్ధతిలో 51ని 156తో భాగిస్తే 32.7 వస్తుంది. దగ్గరగానే ఉంది కదా అని ఊరుకోకండి. ఈ మనిషి విషయంలో అలా కుదిరింది, అంతే. తప్పు పద్ధతిలో నడకకు నాలుగో వంతు బరువు పడుతుంది. సరైన పద్ధతిలో పడేది ఎనిమిదో వంతే. నడక బాగా దెబ్బతిన్నవాళ్ల దగ్గర రెండూ దూరంగా జరిగిపోతాయి.

ఆరు నెలల తర్వాత అదే పేషెంట్ మళ్లీ ఫారం నింపాడు. నడక 14 నుంచి 20కి పోయింది, అంటే 50.0. నామోషీ 8 నుంచి 5కి తగ్గింది, అంటే 31.3. మిగతావన్నీ ఎక్కడివక్కడే. మొత్తం స్కోరు ఇప్పుడు 31.5. కాగితం మీద చూస్తే ఇసుమంత మెరుగు!

నిజంగా జరిగిందేమిటి? నడక పాడై మనిషి బయటికి వెళ్లడం మానేశాడు. ఇంట్లోంచి కదలనివాడికి నలుగురిలో సిగ్గుపడే సందర్భం ఎక్కడిది? నామోషీ తగ్గింది అందుకే. 10వ ప్రశ్న దగ్గర, అంటే ఇంటికే పరిమితమయ్యారా అన్నచోట, అంకె పెరిగి ఉంటుంది చూడండి. ఒక విభాగం పతనమై ఇంకో విభాగాన్ని ‘బాగుచేసింది’. రెండూ కలిపిన సగటులో ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. ఈ ఫారం కొనసాగింపుగా వాడే ప్రతి క్లినిక్‌కూ ఇలాంటి కేసు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఎనిమిది అంకెలూ పక్కపక్కన గీసి, పాతవాటితో పోల్చి చూడటం అలవాటు చేసుకుంటే రెండు నిమిషాల్లో దొరికిపోతుంది.

బరువుల సంగతి ఇంకా విడ్డూరంగా ఉంటుంది. నడక విభాగంలో ఒక ప్రశ్న ఒక మెట్టు మారితే, ఉదాహరణకు 2 నుంచి 3కి పోతే, విభాగం స్కోరు 2.5 మారుతుంది, మొత్తం స్కోరు 0.31 మారుతుంది. ఒంటి బాధల్లో ఒక ప్రశ్న ఒక మెట్టు మారితే విభాగం 8.3, మొత్తం 1.04 మారతాయి. అంటే మొత్తం స్కోరు దృష్టిలో తొంభై మీటర్లు నడవలేకపోవడం కన్నా ఒళ్లు ఉడికినట్టు అనిపించడం మూడు రెట్లకు పైగా పెద్ద సమస్య. ఎవరూ కావాలని అలా పెట్టలేదు. మూడు ప్రశ్నల విభాగానికీ పది ప్రశ్నల విభాగానికీ సమాన వాటా ఇస్తే అలాగే అవుతుంది. జనవరిలో ఒకసారి, మే నెలలో ఇంకోసారి ఫారం నింపించే మన ప్రాంతపు క్లినిక్‌లు ఈ 39వ ప్రశ్న మీద ఒక కన్ను వేసి ఉంచాలి. రోహిణి కార్తెలో ఒళ్లు ఉడకనిది ఎవరికి?

ఎంత మారితే మారినట్టు?

ఇది తయారుచేసినవాళ్లే 2001లో ఒక అంచనా ఇచ్చారు. ‘కొద్దిగా చెడింది’ అని చెప్పిన పేషెంట్లలో సగటున ఎంత తేడా వచ్చిందో చూశారు. నడకకు 3.2, రోజువారీ పనులకు 4.4, మనసుకు 4.2, నామోషీకి 5.6, అండకు 11.4, జ్ఞాపకానికి 1.8, మాటకు 4.2, ఒంటి బాధలకు 2.1. మొత్తం స్కోరుకు 1.6.

ఈ అంకెల్ని ఒక్కొక్క పేషెంట్‌కు వర్తింపజేయడం రెండో పెద్ద పొరపాటు. జ్ఞాపకం విభాగంలో నాలుగు ప్రశ్నలున్నాయి. అందులో జరగగలిగిన అతి చిన్న మార్పే 6.25. 1.8 మార్పు ఒక మనిషిలో రావడం గణితం ప్రకారమే అసాధ్యం. ఒంటి బాధల్లో కనిష్ఠ మెట్టు 8.3, అంచనా 2.1. అవి గుంపుల సగటులకు పనికొచ్చే అంకెలు. యాభై మందిని ఆరు నెలలు చూసి సగటు 2.1 మారిందంటే దానికి అర్థం ఉంది. రామారావుగారి స్కోరు 8.3 మారిందంటే ఆయన ఒక్క ప్రశ్నకు పక్క గడిలో టిక్కు పెట్టారని మాత్రమే అర్థం. పోయినసారి ఫారం నింపినప్పుడు భార్యతో మాటామాటా వచ్చి ఉండొచ్చు.

2017లో హంగేరీ పరిశోధకులు మొత్తం స్కోరుకు ఇంకో అంచనా ఇచ్చారు. మెరుగు అనాలంటే 4.7 తగ్గాలి, చెడింది అనాలంటే 4.2 పెరగాలి. 1.6కీ దీనికీ మధ్య ఎంత దూరముందో చూడండి. ఏది వాడుతున్నారో అధ్యయనం మొదలుపెట్టే ముందే రాసుకోవాలి. ఫలితం వచ్చాక అనుకూలమైనది ఎంచుకుంటే అది గోడ మీద పిల్లివాటం అవుతుంది.

పెద్ద ట్రయల్స్‌ని ఈ కళ్లతో చూస్తే కొత్తగా కనిపిస్తాయి. బ్రిటన్‌లో జరిగిన పీడీ మెడ్ ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. కొత్తగా జబ్బు బయటపడిన 1620 మందిలో లెవోడోపాతో (ఈ జబ్బుకు వాడే ప్రధానమైన మందు) మొదలుపెట్టినవాళ్లకు, మిగతా మందులతో మొదలుపెట్టినవాళ్లకు మధ్య నడక విభాగంలో తేడా 1.8 పాయింట్లు, లెవోడోపా వైపు. నమ్మదగ్గ తేడాయే, కానీ పైన చెప్పిన 3.2 గీతకు చాలా కింద. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ ఆపరేషన్ సంగతి వేరు. 2013లో వెలువడిన ఎర్లీస్టిమ్ ట్రయల్‌లో 251 మంది ఉన్నారు. రెండేళ్ల తర్వాత ఆపరేషన్ గుంపులో మొత్తం స్కోరు 7.8 మెరుగైంది, మందుల గుంపులో 0.2 చెడింది. ఏ గీతతో కొలిచినా అది పెద్ద మార్పే. హైదరాబాద్‌లో డీబీఎస్ గురించి ఆలోచించే కుటుంబాలు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మా నాన్నగారి ఎనిమిది విభాగాల్లో ఏవి ఎక్కువగా ఉన్నాయి, వాటిలో ఆపరేషన్‌తో తగ్గేవి ఏవి? స్కోరంతా నడక, పనులు, ఒంటి బాధల దగ్గర పేరుకుని ఉన్న మనిషి వేరు, మాట, జ్ఞాపకం దగ్గర పేరుకుని ఉన్న మనిషి వేరు. ఇద్దరి మొత్తం స్కోరూ 40 కావచ్చు.

నింపించేటప్పుడు ఎక్కడ చెడుతుంది

మొదటిది, పక్కన మనుషులు. మన ఓపీల్లో పేషెంట్ ఒక్కడే రావడం అరుదు. ప్రశ్న నాన్నకు వేస్తే జవాబు కొడుకు చెబుతాడు. అండ విభాగంలో భార్య లేదా భర్త నుంచి, ఇంట్లోవాళ్ల నుంచి కావలసిన తోడు దొరకడం లేదా అని అడుగుతారు. కోడలు పక్కనే కూర్చుని ఉంటే ఏ అత్తగారు ‘తరచూ’ అని టిక్కు పెట్టగలదు? అందరూ సున్నాలే పెడతారు. ఈ విభాగంలో ఎలాగూ అందరి స్కోర్లూ కిందనే కుప్పపడతాయి, మూడు ప్రశ్నల మధ్య పొందిక (1 అంటే పూర్తి పొందిక) కూడా చాలా అధ్యయనాల్లో 0.7కు అటూఇటూగానే ఉంటుంది. దానికి ఈ మొహమాటం తోడైతే ఆ అంకెను ఇక పట్టించుకోనక్కర్లేదు. అటెండెంట్‌ని బిల్లు కౌంటర్‌కో మందుల షాపుకో పంపి అప్పుడు ఫారం ఇవ్వండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించేది ఇంటి మనిషి కాకుండా చూడండి.

అలాగని అసలు జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు నింపితే ఏం చేయాలి? నడక, రోజువారీ పనుల్లో వాళ్ల జవాబులు పేషెంట్ జవాబులకు దగ్గరగానే ఉంటాయి. మనసు, నామోషీ లాంటి లోపలి విషయాల్లో తేడా వస్తుంది. సాధారణంగా ఇంట్లోవాళ్లు పేషెంట్ కన్నా ఎక్కువ ఇబ్బంది ఉన్నట్టు రాస్తారు. ఎవరు నింపారో ఫారం మీద రాసి, ఒకే గ్రాఫులో కలపకుండా ఉంచితే చాలు.

రెండోది, 28వ ప్రశ్న. జీవిత భాగస్వామి లేనివాళ్లు టిక్కు పెట్టడానికి అక్కడ విడిగా ఒక గడి ఉంది. అప్పుడు అండ విభాగాన్ని మిగిలిన రెండు ప్రశ్నలతోనే, 12 బదులు 8తో భాగించి లెక్కకట్టాలి. భర్త పోయిన పెద్దావిడ ఆ ప్రశ్న వదిలేస్తే డేటా ఎంట్రీ చేసేవాళ్లు 0 కొట్టేస్తారు. 27కు 0, 29కి 2 పెట్టిన ఆవిడకు సరైన స్కోరు 25.0. సున్నా కొడితే 16.7. తోడు పోయిన మనిషికి తోడు బాగా దొరుకుతున్నట్టు చూపించే లెక్క అది.

మిగతా ప్రశ్నల్లో ఖాళీలుంటే ఆ విభాగం స్కోరు వేయకూడదు, దాంతోపాటు మొత్తం స్కోరూ పోతుంది. గుంపు అధ్యయనాల్లో ఖాళీలను గణాంక పద్ధతితో పూరించే దారి ఉంది. క్లినిక్‌లో అంతకన్నా తేలికైన దారి, పేషెంట్ వెళ్లిపోకముందే ఫారం తిప్పి చూసుకోవడం.

మూడోది, మందు వేళ. లెవోడోపా పనిచేస్తున్నప్పుడు మనిషి వేరు, దాని ప్రభావం దిగిపోయాక మనిషి వేరు. ప్రశ్నలు నెల రోజుల గురించి అడుగుతున్నా, జవాబు చెప్పే మనసు ఆ క్షణానిదే. మాత్ర ప్రభావం దిగిపోయి ఒళ్లు బిగుసుకుపోయినప్పుడు నింపితే నెలంతా అలాగే గడిచినట్టు తోస్తుంది. చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, ఫారం ఎన్నింటికి నింపారు అన్న రెండు సమయాలూ మీద రాయండి. మళ్లీ వచ్చినప్పుడు అదే ఎడంలో నింపించండి. ఓపీ క్యూలో మూడు గంటలు కూర్చుని, మధ్యాహ్నం డోసు తప్పిపోయిన మనిషి చేతికి ఫారం ఇవ్వకండి.

నాలుగోది, ‘పార్కిన్సన్స్ వల్ల’ అన్న షరతు. డెబ్భై ఏళ్ల మనిషికి మోకాళ్లు అరిగి ఉంటాయి, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి ఉంటాయి. నడవలేకపోవడం దేనివల్లో ఆయనకేం తెలుసు? డాక్టర్‌కే ఒక్కోసారి తెలియదు. కొందరు అన్నీ ఈ జబ్బు ఖాతాలో వేస్తారు, ఇంకొందరు వయసు మీదపడింది లెమ్మని అన్నింటికీ సున్నా పెడతారు. దీనికి విరుగుడు లేదు. ఇతర జబ్బుల జాబితా పక్కన పెట్టుకుని చదవడమే.

అయిదోది, ఇంగ్లండ్ వాసన. తిండిని కోసుకోవడం గురించి 15వ ప్రశ్న ఉంది. కత్తీ ఫోర్కుతో మాంసం ముక్క కోసుకునేవాళ్లకు అది రోజూ ఎదురయ్యే పని. అన్నం కలుపుకునేవాళ్లకు కాదు. బూట్ల లేసుల మాటా అంతే, చెప్పులేసుకునేవాళ్లు, చీర కట్టుకునేవాళ్లు ఏం చెప్పాలి? ఇలాంటి చోట ‘మీకు వర్తించదు, సున్నా పెట్టండి’ అని చెప్పేస్తుంటారు. అలా చేస్తే రోజువారీ పనుల స్కోరు ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. అప్పటికప్పుడు ‘చపాతీ తుంచుకోగలరా’ అని మార్చి అడిగినా కష్టమే, రేపు ఇంకో నర్సు ఇంకోలా అడుగుతుంది. ఫారం హక్కులు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇన్నొవేషన్ దగ్గర ఉన్నాయి, లైసెన్సు తీసుకునే వాడాలి. ఆ దరఖాస్తులోనే మీకు కావలసిన భాషలో, మీ దేశానికి సరిపడే ప్రతి ఉందేమో అడగండి. సొంత అనువాదం చేసుకుని జిరాక్సులు తీయించడం రెండు విధాలా తప్పు: హక్కుల పరంగా, కొలత పరంగా. పద్ధతిగా చేసే అనువాదంలో ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, రెంటినీ ఒకటి చేస్తారు, మూలం చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి ఇంగ్లిష్‌లోకి తిప్పుతారు, చివర కొందరు పేషెంట్ల చేత చదివించి ఏం అర్థమైందో అడుగుతారు. ఆ చివరి మెట్టు దాటితేగానీ లేసుల లాంటి ప్రశ్నలు బయటపడవు.

అడగనివి

మలబద్ధకం లేదు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవడం లేదు. చొంగ కారడం లేదు. దాంపత్య సుఖం ఊసే లేదు. నిద్ర గురించి ఉన్నది పగలు కునుకు పట్టడం ఒక్కటే, అదీ జ్ఞాపకం విభాగంలో దూర్చారు. పీడకలలు, లేనివి కనబడటం గురించిన ప్రశ్న కూడా అందులోనే ఉంది. అందుకే ఆ విభాగం స్కోరు పెరిగితే మతిమరుపు పెరిగిందని రాసేయకండి. నాలుగు ప్రశ్నల్లో ఏది పెరిగిందో చూడండి. కునుకుపాటు, లేనివి కనబడటం రెండూ మందుల వల్ల రావచ్చు, డోసు సర్దితే తగ్గనూ వచ్చు. లేనివి కనబడుతున్నాయన్న జవాబు వస్తే స్కోరు సంగతి తర్వాత, ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

ఈ లోటు పూడ్చడానికి కదలికలతో సంబంధం లేని బాధలను అడిగే, 30 అవును-కాదు ప్రశ్నల ఎన్‌ఎంఎస్ ప్రశ్నావళిని జత చేయడం మంచి పద్ధతి. 2006 నుంచి అందుబాటులో ఉంది, ఐదారు నిమిషాల పని. దానికి తీవ్రత స్కోరు లేదు, ఏ బాధలున్నాయో జాబితా చేతికొస్తుంది.

జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్ల దగ్గర ఈ ఫారం మొద్దుగా పనిచేస్తుంది. ఒక చెయ్యి మాత్రమే వణికే మనిషి నడక, మాట, అండ విభాగాల్లో సున్నాలే పెడతాడు. అక్కడినుంచి బాగుపడినా చూపించడానికి కింద చోటు లేదు. మధ్య దశల్లో దీనికి సాటి లేదు.

పొట్టిది, పోటీవి

టైం లేనివాళ్లకు 1997లో వచ్చిన పీడీక్యూ-8 ఉంది. ఒక్కో విభాగం నుంచి ఒక్కో ప్రశ్న: పెద్ద ఫారంలోని 7, 12, 17, 25, 27, 31, 35, 37. ఎనిమిదీ కూడి 32తో భాగించి వందతో గుణిస్తే స్కోరు. గుంపుల్లో పెద్ద ఫారం మొత్తం స్కోరుకు దగ్గరగానే వస్తుంది. కానీ పైన మేం మొత్తుకున్నదంతా విభాగాల గురించి, ఇందులో విభాగాలే లేవు. రద్దీ ఓపీలో ప్రతి విజిట్‌కూ దీన్ని, ఏడాదికోసారి, లేదా మందు మార్చేముందు, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పెద్దదాన్ని వాడితే సరిపోతుంది. రెంటి స్కోర్లనూ ఒకే గీతలో కలిపి గ్రాఫు గీయకండి.

ఈక్యూ-5డీ-5ఎల్ ఐదు ప్రశ్నలతో అయిపోతుంది, ఏ జబ్బుకైనా వాడొచ్చు. చికిత్స ఖర్చుకు తగ్గ ఫలితముందా అని లెక్కకట్టేవాళ్లకు అదే కావాలి. భారతీయుల అభిప్రాయాలతో తయారైన విలువల పట్టిక కూడా 2022లో వచ్చింది. నామోషీ, మాట, జ్ఞాపకం అందులో లేవు. పీడీక్యూ నుంచి నేరుగా అలాంటి ఖర్చు లెక్క రాదు కాబట్టి ఆ పని ఉన్నవాళ్లు రెండూ నింపిస్తారు.

జీవన నాణ్యత అన్న పేరు దీనికి కాస్త పెద్ద చొక్కానే. జబ్బు ఏమేం లాగేసుకుందో ఇది లెక్క చెబుతుంది. మిగిలినదానితో మనిషి ఎంత తృప్తిగా ఉన్నాడో చెప్పదు, మనవరాలి ఆటలు చూస్తూ హాయిగా ఉన్నాడా అని అడిగే గడి ఇందులో లేదు. అయినా ఇది కదిపే తీగలు మామూలివి కావు. ఆరు దేశాల్లో జరిగి 2002లో వెలువడిన ఒక సర్వేలో, పీడీక్యూ-39 స్కోర్లలోని తేడాలకు జబ్బు దశ, వాడే మందులు కలిపి ఇచ్చిన వివరణ 17 శాతమే. డిప్రెషన్, జబ్బు సంగతి మొదట చెప్పినప్పటి తీరుపై తృప్తి, ముందు రోజుల మీద ఆశ, ఈ మూడూ చేర్చాక అది దాదాపు 60 శాతానికి పెరిగింది. మనసు విభాగం ఎక్కువగా ఉన్న పేషెంట్‌కు లెవోడోపా డోసు పెంచుకుంటూ పోయేముందు డిప్రెషన్ చికిత్స గురించి ఆలోచించాలనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంట్లో చూసుకునేవాళ్లకు ఇదే బృందం విడిగా పీడీక్యూ-కేరర్ అని 29 ప్రశ్నల ఫారం తయారుచేసింది. సొంత పనులు, బయటి తిరుగుళ్లు ఎంత దెబ్బతిన్నాయి, ఆందోళన, దిగులు ఎంత, తన ఒంటి బాగోగులు చూసుకోగలుగుతున్నారా, శ్రమ ఎంత అని నాలుగు విభాగాలు. ఇందులోనూ 0 నుంచి 100, ఎక్కువైతే చెడ్డ. పేషెంట్ లోపల తన ఫారం నింపుతుండగా బయట కూర్చున్న భార్య చేతికి ఇది ఇవ్వండి, అటెండెంట్‌ని ఎక్కడికి పంపాలన్న సమస్య కూడా తీరుతుంది. రెండు ఫారాలూ ఒకే ఫైల్లో పెట్టినా స్కోర్లు మాత్రం కలపకండి. ఆవిడ జవాబులు ఇంట్లో ఎవరికీ చూపించబోమని ముందే మాట ఇవ్వండి, లేకపోతే అక్కడా సున్నాలే వస్తాయి.